ఎలీసమ్మ బోర్డు

“...చల్లగా ఉందని ఎవరన్నా నాలుగు రోజులు నడిచిన జాబుని చేతులారా చంపుకుంటారా ఎలీసమ్మా? స్క్రీను మీద ఆర్ అని ఉంది. నువ్వే చూశావు, నువ్వే బోర్డు మీద రాశావు!”

“రాశాను సార్. అక్కడ ఏముంటే అది రాయడం నా పని.”

“మరింకేంటి?”

“ఆర్ అని ఉంది. పని మాత్రం జరగట్లేదు.”

“ఎవరు చెప్పారు నీకు?”

“చెయ్యి చెప్పింది సార్.”

తలుపు తెరిచే ఉంది. కారిడార్లో బోర్డు ముందు నిలబడ్డ నలుగురు బీటెక్ పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు నవ్వబోయి, ఎలీసమ్మ తల ఇటు తిప్పేసరికి నవ్వు మింగేశాడు.

లోపల ఏసీ గదిలో ముగ్గురున్నారు. ల్యాబు చూసుకునే లెక్చరర్ ప్రేమ్‌చంద్, ఎంటెక్ చివర్లో ఉన్న మాధురి, అటెండరు ఎలీసమ్మ. బతికుందో చచ్చిందో తేలాల్సిన జాబు మాధురిది. ఆ పిల్ల ఇద్దరి మధ్యా నిలబడి, చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

అది 2005 సెప్టెంబరు. చిలకలూరిపేట దాటి గుంటూరు వైపు పోయే హైవే పక్కన, పత్తిచేల మధ్య కట్టిన ఇంజనీరింగ్ కాలేజీ అది. అక్కడ పదహారు కంప్యూటర్లను వైర్లతో కలిపి ఒకే పెద్ద యంత్రంలా పని చేయించే ఏర్పాటు ఒకటుంది. క్లస్టర్ అంటారు. పేటలో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ చేయించిన ఇనప చట్రాల్లో ఆ పదహారూ నాలుగు వరసలుగా కూర్చుని ఉంటాయి. రోజుల తరబడి సాగే లెక్కలున్న వాళ్ళు తమ లెక్కను ఒక జాబుగా రాసి వరసలో పెట్టి వెళ్ళిపోతారు. మెషిన్లు ఖాళీ అయినప్పుడు వరసలో ముందున్నది మొదలవుతుంది. వరసలో ఉంటే క్యూ, నడుస్తుంటే ఆర్, పక్కన ఆపి ఉంచితే హెచ్. పూర్తయితే ఆ పేరే స్క్రీను మీద ఉండదు.

హాస్టల్ గదుల్లోంచి ఆ స్క్రీను చూసే వీలు లేదు. అందుకని మొదట్లో గంటకోసారి ఎవరో ఒకరు తలుపు తోసుకుని వచ్చేవారు. చెప్పుల మట్టి, బయటి వేడి, తలుపు తీసీ వేసీ ఏసీ పాడు. హెడ్డు జయరావు గారు విసిగిపోయి కారిడార్లో ఒక నల్లబోర్డు పెట్టించారు. పొద్దున ఎనిమిది, పది, పన్నెండు, మధ్యాహ్నం రెండు, నాలుగు. ఈ ఐదు వేళల్లో స్క్రీను మీద ఉన్నది చూసి బోర్డు మీద ఎక్కించే పని ఎలీసమ్మకు ఇచ్చారు.

రెండేళ్ళయింది. ఒక్కపూట కూడా ఆ బోర్డు ఆలస్యం కాలేదు.

ఆమె రాసే అక్షరాలు చేత్తో రాసినట్టుండవు, అచ్చు గుద్దినట్టుంటాయి. దానికి కారణముంది. ఎలీసమ్మ ఏడో తరగతితో బడి మానేసి, పదిహేనో ఏటి నుంచి ముప్పై ఎనిమిదో ఏడు దాకా యడ్లపాడు దగ్గర జిన్నింగు మిల్లులో పని చేసింది. దూది బేళ్ళ మీద రేకు అచ్చు పెట్టి, నల్లరంగు కొట్టి లాటు నంబరూ మిల్లు మార్కూ వేసేది. ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ ఆమెకు అక్కడే వచ్చాయి. చదివి అర్థం చేసుకోవడం రాదు గానీ, ఒక అక్షరం బదులు ఇంకో అక్షరం పడితే ఆమె కన్ను ఊరుకోదు. మార్కు తప్పు పడిన బేలు వేరే లారీ ఎక్కిపోతుందని మిల్లులో నేర్చుకున్న భయం అది.

ఆమె నేర్చుకున్నది రేకు అచ్చు ఒక్కటే కాదు. మిల్లులో తడిగా వచ్చిన పత్తి కుప్పల్లో లోపలి నుంచి వేడి పుడుతుంది. పైకి తెల్లగా, మెత్తగా, ఏమీ ఎరగనట్టే ఉంటుంది. లోపల కాగుతుంటుంది. పట్టించుకోకపోతే గింజ పాడవుతుంది, ఖర్మ కాలితే కుప్పే అంటుకుంటుంది. మిల్లు మేస్త్రి మొహిద్దీన్ బాషా రోజుకు మూడుసార్లు కుప్పలన్నిటిలో మోచేతి దాకా చెయ్యి దూర్చి చూసేవాడు. ఆయన మోకాళ్ళు అరిగాక ఆ పని ఎలీసమ్మకు వచ్చింది. గోరువెచ్చన, వెచ్చన, కాగింది. ఈ మూడు మాటల్లో ఏదో ఒకటి కుప్ప నంబరు పక్కన రాయాలి.

“ఒక్కసారి చెయ్యి పెడితే ఏం తెలవదమ్మా,” అనేవాడు బాషా. “పొద్దున పెట్టింది గుర్తుంటేనే సాయంత్రం పెట్టినదాంతో పనుంటది. అందుకే రాసుకో.”

మిల్లు మూతపడ్డాక రెండేళ్ళు మిరపకోతలకు పోయి, తర్వాత ఈ కాలేజీలో కాంట్రాక్టు మీద అటెండరుగా చేరింది. చేరిన మొదటి వేసవిలోనే ఒక తప్పు చేసింది. ఆ తప్పు సంగతి కాలేజీలో తెలియని వాళ్ళు లేరు.

ఒక మధ్యాహ్నం ఆమె ఒక్కతే గది తుడుస్తోంది. మూడో మెషిను వెనక చెయ్యి పెడితే కాగిన కుప్పలా ఉంది. పక్కది కూడా అంతే. ఆ పక్కది కూడా. మిల్లులో అయితే కుప్ప కాగిందని తెలిసిన మరుక్షణం ముందు దాన్ని విడదీయాలి, ఆ తర్వాతే షావుకారుకి చెప్పాలి. ఎలీసమ్మ కూడా ముందు ప్లగ్గులు పీకింది, తర్వాత పరిగెత్తుకుంటూ పోయి చెప్పింది. పదకొండు రోజులుగా నడుస్తున్న జాబు అక్కడికక్కడే పోయింది. అది ప్రేమ్‌చంద్ పీహెచ్‌డీ పని.

అతను అరవలేదు. సత్తెనపల్లి మనిషి, మాట పొదుపు. ఇంగ్లీషులో ఒక పేజీ ఫిర్యాదు రాసి హెడ్డుకు ఇచ్చి, తలుపు మీద ‘ముట్టుకోరాదు’ అని కాగితం అంటించాడు.

జయరావు గారు ఎలీసమ్మను పిలిచి ఎందుకు పీకావని అడిగారు. ఆమె కుప్పల సంగతి చెప్పింది. ఆయన కుర్చీలోంచి లేచారు. తర్వాత ఆమెను ఏసీ గదిలోకి తీసుకెళ్ళి ఒక్కో మెషిను వెనకా చెయ్యి పెట్టించారు.

“ఇది వేడిగా ఉందా?”

“కాగుతోంది సార్.”

“ఇది?”

“చల్లగా ఉంది.”

“వేడిగా ఉన్నది పని చేస్తోంది ఎలీసమ్మా. చల్లగా ఉన్నది ఖాళీగా కూర్చుంది. మీ మిల్లుకి ఇది తిరగేసి. అంతే.”

ఆ తిరగేసిన లెక్క ఆమె చేతికి అలవాటు కావడానికి నెల పట్టింది. బోర్డు పని ఆమెకు వచ్చింది ఆ నెలాఖరునే. తలుపు మీద కాగితం మాత్రం అలాగే ఉంది. ఎలీసమ్మ వారానికోసారి దాని మీద దుమ్ము తుడుస్తుంది.

ఇంటి దగ్గర ఆమె భర్త ఏసోబు కోల్డ్ స్టోరేజీలో టిక్కీలనే మిరప బస్తాలు మోసే హమాలీ. “జీతం అటెండరుది, గీర ఇంజనీరుది,” అంటాడు నవ్వుతూ. ఆమెకు ఆ మాట నచ్చుతుంది. కానీ నచ్చినట్టు కనపడదు. ఒకసారి ఫైనలియర్ కుర్రాడొకడు వచ్చి, “ఎలీసమ్మ గారూ, మా గైడు అటుగా వస్తున్నాడు, నా పేరు పక్కన క్యూ తుడిచి ఆర్ అని పెట్టండి, పది నిమిషాలే,” అని బతిమాలాడు. “మీ గైడుని పది నిమిషాలు ఆపుకో నాయనా, అది నీ చేతిలో పని. బోర్డు నా చేతిలోది,” అని పంపేసింది.

అలాంటి మనిషి ఇప్పుడు, బోర్డు మీద ఆర్ అని తనే రాసి, అది నిజం కాదంటోంది.

ప్రేమ్‌చంద్ కుర్చీ తిప్పి మాధురి వైపు చూశాడు. “శనివారం పొద్దున పది గంటలకి మొదలుపెట్టావు. ఐదు రోజుల లెక్క. రేపు పదింటికి అయిపోతుంది. ఇరవై నాలుగు గంటలు ఓపిక పడితే చాలు. మంగళవారం వైవా. గ్రాఫులు గీసుకోవడానికి, చివరి చాప్టరు రాసుకోవడానికి ఐదు రోజులుంటాయి నీకు.”

“నడుస్తుంటే కదా సార్,” అంది ఎలీసమ్మ.

“నడవడం లేదనుకుని చంపేసి మళ్ళీ మొదలుపెడితే? సోమవారానికి గానీ అవదు. ఈ ఐదు రోజుల్లో కరెంటు పోదని, ఏ మెషినూ చావదని ఎవరు హామీ? పెద్ద జాబులు పదిలో నాలుగు మధ్యలోనే పోతున్నాయి.”

మాధురికి రెండు లెక్కలూ అర్థమయ్యాయి. జాబు బతికుంటే చంపడం పాపం. చచ్చి ఉంటే రేపటిదాకా ఆగడం అంతకన్నా పాపం. రేపు పదింటికి మొదలుపెడితే మంగళవారం పదింటికి పూర్తవుతుంది, అప్పటికి బయటి ఎగ్జామినరు వచ్చి కూర్చుని ఉంటాడు. ఈ వైవా తప్పితే మళ్ళీ ఆర్నెల్లకే. ఆమెది పొదిలి అవతల ఊరు. అక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడు భూమి కింద ఎటు పాకుతోందో లెక్కగట్టడం ఆమె పని. రెండేళ్ళు ఊరూరా తిరిగి సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చింది. అదంతా ఈ ఒక్క జాబులో ఉంది.

“ఆ మెషిన్ల లోపలికి వెళ్ళి చూడలేమా సార్?” అని అడిగింది.

“ఆ పాస్‌వర్డు హెడ్డు గారి దగ్గరే ఉంది. ఆయన హైదరాబాదులో కౌన్సిల్ మీటింగులో ఉన్నారు. పొద్దుట్నుంచి ఆరుసార్లు చేశాను, ఫోను ఆపేసి ఉంది. మనకి కనపడేది స్క్రీను మీది ఈ పట్టీ ఒక్కటే. పట్టీలో ఆర్ ఉంది.”

ఎలీసమ్మ బల్ల సొరుగు లాగి పొడుగాటి నోటుపుస్తకం ఒకటి తీసింది. అట్ట మీద క్యాలెండరు కాగితం చుట్టి ఉంది.

“ఈ పట్టీలో చివర ఒక టైము ఉంటది కదా సార్. బోర్డు మీద దానికి గడి లేదు. నేను ఇందులో రాస్తాను.”

ప్రేమ్‌చంద్‌కు అర్థం కాలేదు. “ఏ టైము?”

ఆమె వేలు పెట్టి చూపించింది. ఆ జాబు అప్పటిదాకా నిజంగా ఎన్ని గంటల పని చేసిందో చెప్పే అంకె అది. నిన్న రెండు గంటలకు రాసిన అంకె ఒకటి. నిన్న నాలుగింటికి రాసినది దానికన్నా పెద్దది. ఈ పొద్దున ఎనిమిదింటికి రాసినది నిన్న నాలుగింటిదే. ఇప్పుడు పదింటిదీ అదే.

“రాత్రంతా నడిస్తే అంకె పెరగాలి గదా సార్.”

“అది పాత సాఫ్ట్‌వేరు. ఆ అంకె ఒక్కోసారి నిలిచిపోతుంది. దాన్ని ఎవరూ నమ్మరు.”

“ఒక్కోసారంటే ఎన్నిసార్లు సార్?”

అతను స్క్రీను వైపు తిరిగాడు.

“ఇది రెండేళ్ళ రాత,” అంది ఎలీసమ్మ, పుస్తకం అతని ముందుకు జరిపి. “రెండు పూటలు ఒకే అంకె ఉండి, తర్వాత బతికి బట్టకట్టిన జాబు ఒక్కటి చూపించండి. నేను నోరు మూసుకుంటాను.”

ప్రేమ్‌చంద్ నిజాయితీ గల మనిషి. పుస్తకం తీసుకుని మొదటి పేజీ నుంచి చూడటం మొదలుపెట్టాడు. బయట బీటెక్ పిల్లలు క్లాసు మాట మర్చిపోయారు. పావుగంటలో మూడుచోట్ల వేలు ఆపాడు. మూడుచోట్లా ఒకే అంకె రెండేసి పూటలుంది. మూడుచోట్లా ఆ కింద వరసలో ఎలీసమ్మ గుండ్రటి తెలుగు అక్షరాల్లో ‘పోయింది’ అని ఉంది. మూడింట్లో ఒకటి అతని జాబే. మొన్న ఫిబ్రవరిలో, స్క్రీను మీద ఆర్ చూసుకుంటూ తొమ్మిది రోజులు ఎదురుచూసిన జాబు.

“ఇది నాకెందుకు చెప్పలేదు అప్పుడు?”

“తలుపు మీద ముట్టుకోవద్దని కాగితం ఉంది గదా సార్. అడిగితే ముట్టుకున్నానని చెప్పాల్సి వచ్చిద్ది.”

ప్రేమ్‌చంద్ తలుపు వైపు చూశాడు. తర్వాత పుస్తకం మూశాడు.

“ఇంకో సంగతి ఉంది,” అన్నాడు, మాధురితో. గొంతు తగ్గింది. “నీ తర్వాత వరసలో ఉన్నది నా జాబు. నీది పోతే అది పట్టుకున్న ఎనిమిది మెషిన్లూ నాకొస్తాయి. నేనే చంపమన్నానంటే రేపు నలుగురూ ఏమంటారో నీకు తెలుసు. అందుకే చంపమని నేను చెప్పలేను.”

ఎలీసమ్మకు అప్పుడర్థమైంది, పొద్దుట్నుంచి ఆ మనిషి ఎందుకు అంత గట్టిగా అడ్డం పడుతున్నాడో. అతని మీద ఆమెకు ఎప్పుడూ లేని గౌరవం కలిగింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

“మరి తప్పయితే?” అని అడిగాడు ప్రేమ్‌చంద్. “మూడో మెషిను సంగతి లాగా?”

“తప్పయితే రేపట్నించి ఈ గదిలో నేనుండను సార్. హాస్టల్ వంటింట్లో గిన్నెలున్నాయి, తోముకుంటాను.” ఆమె చేతిలో సుద్దముక్క రెండుగా విరిగింది.

మాధురి చున్నీ వదిలేసి కదిలింది. చట్రాల వెనక ఇరుకు సందులోకి వెళ్ళింది. ఎలీసమ్మ వెనకే వెళ్ళి, “అరచేత్తో కాదమ్మాయ్. మణికట్టు లోపలి వైపు పెట్టు,” అంది. మాధురి తన జాబు నడుస్తున్న ఎనిమిది మెషిన్ల వెనకా వరసగా చెయ్యి పెట్టింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, దీపాలు వెలుగుతున్నాయి, గాలి మాత్రం గదిలో గాలిలాగే ఉంది. తర్వాత పన్నెండో దాని దగ్గరికి వెళ్ళింది. అందులో ఎవరో బీటెక్ కుర్రాడి చిన్న జాబు నడుస్తోంది. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

వచ్చి కూర్చుని, ఒక వాక్యం టైపు చేసి, కళ్ళు మూసుకుని మీట నొక్కింది.

పట్టీలోంచి ఆమె పేరు పోయింది. ఏడు మెషిన్లు ఖాళీ అయ్యాయని స్క్రీను చెప్పింది. ఏడో నంబరు మెషిను మాత్రం పలకలేదు. జాబు చచ్చేటప్పుడు అప్పటిదాకా అది రాసిందంతా ఒక ఫైలుగా వచ్చి పడుతుంది. మాధురి దాన్ని తెరిచి కిందకి, ఇంకా కిందకి జరిపింది. చివరి వరస పక్కన టైము ఉంది. మంగళవారం మధ్యాహ్నం మూడూ నలభై.

ఏడో నంబరు నిన్న మూడూ నలభైకి మూగబోయింది. మిగతా ఏడూ దాని జవాబు కోసం పని ఆపుకుని పంతొమ్మిది గంటలుగా కూర్చున్నాయి. పట్టీ మాత్రం ఆర్ అంటూనే ఉంది.

ప్రేమ్‌చంద్ కుర్చీ ముందుకు లాక్కుని తన జాబు పేరు మీదకి వెళ్ళాడు. దాని పక్కన ఉన్న క్యూ మారి హెచ్ అయింది. “ఏడోది వదిలేసి ఖాళీగా ఉన్న పద్నాలుగోది కలుపుకో,” అన్నాడు. “పేర్లు నేను చెబుతాను, రాసుకో.”

పదకొండు గంటల పది నిమిషాలకు మాధురి జాబు మళ్ళీ మొదలైంది. ఎలీసమ్మ వేళ కాకపోయినా బయటికి వెళ్ళి బోర్డు తుడిచి రాసింది. మాధురి పక్కన ఆర్. ప్రేమ్‌చంద్ పక్కన హెచ్. పిల్లలు ఈసారి నవ్వలేదు.

ఆ ఐదు రోజులూ ఆమె ఐదు వేళలకు బదులు పది వేళల్లో చూసింది. ఆదివారం సెలవు. గుడిలో ఆరాధన అయ్యాక ఇంటికి పోకుండా, తెల్లచీరతోనే ఆటో ఎక్కి కాలేజీకి వచ్చింది. కారిడార్లో అడుగుపెట్టేసరికి లైట్లు ఆరిపోయాయి. ఏసీ గదిలోంచి బ్యాటరీల పెట్టె కీచుమని అరుస్తోంది. కరెంటు లేనప్పుడు మెషిన్లను అది ఇరవై నిమిషాలు మోస్తుంది. అంతకు మించి మోయదు.

జనరేటరు షెడ్డు గ్రౌండు అవతల. ఎలీసమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని గ్రౌండుకి అడ్డంపడి నడిచింది. షెడ్డు నీడలో వాచ్‌మన్ బుల్లయ్య క్యారేజీ విప్పుకుని కూర్చున్నాడు.

“బుల్లయ్యా, కరెంటు పోయింది.”

“ఆదివారం ఎవరున్నారక్కా లోపల? అన్నం ముందు కూర్చున్నా. తినేసి వేస్తాలే.”

“అన్నం ఎక్కడికీ పోదు. లెయ్యి.”

“ఏంది నీ తొందర? లోపల మనుషుల్లేరు, మెషిన్లేగా?”

“మనుషులైతే చీకట్లో కూర్చుంటారు. అవి కూర్చోవు. నువ్వు లేస్తావా, నన్ను ఆ హ్యాండిలు తిప్పమంటావా?”

“నువ్వు తిప్పితే తిరుగుద్దా అది?”

“తిరక్కపోతే నీ గోంగూర పచ్చడి తీసుకుపోయి ప్రిన్సిపాల్ గారికి చూపిస్తా, దీనికోసమే ఆపాడని.”

బుల్లయ్య చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. జనరేటరు రెండుసార్లు దగ్గి మూడోసారికి అందుకుంది. ఎలీసమ్మ వెనక్కి వచ్చి చూస్తే బ్యాటరీల పెట్టె మీద మూడు నిమిషాలు మిగిలి ఉంది. ఎనిమిది మెషిన్ల వెనకా చెయ్యి పెట్టింది. ఎనిమిదీ కాగుతున్నాయి. పుస్తకంలో టైము వేసి, పక్కన మిల్లులో రాసిన మాటే రాసింది.

సోమవారం పది గంటల యాభై నిమిషాలకు పట్టీలో మాధురి పేరు మాయమైంది. పేరు పోయినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదని ఎలీసమ్మకు తెలుసు. “ఫైలు తెరువమ్మాయ్,” అంది. మాధురి తెరిచింది. చివరి వరస దాకా, చివరి గంట దాకా, పొదిలి కింద నీళ్ళ దారి అంతా ఉంది. ఆ పిల్ల ఏడవలేదు. లేచి ఎలీసమ్మ మణికట్టు పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. తర్వాత గ్రాఫులు గీసుకోవడానికి పరిగెత్తింది. రాత్రి అన్నం హాస్టల్ పిల్లలు గదికే తెచ్చిపెట్టారు.

మంగళవారం వైవా రెండు గంటలు సాగింది. బయటి ఎగ్జామినరు చాలా అడిగాడు. చివర్లో, మొదట పెట్టిన జాబు మధ్యలో పోయిందని మీకెలా తెలిసిందని అడిగాడు. మాధురి సూటిగా చెప్పింది. ఆయన పెన్ను కింద పెట్టి, ఆ నోటుపుస్తకం ఒకసారి చూడొచ్చా అన్నాడు. జయరావు గారు ఆ పొద్దునే హైదరాబాదు నుంచి దిగారు. ఏ పుస్తకమో ఆయనకి తెలియదు.

సాయంత్రం నాలుగింటికి ఆయన ల్యాబుకు వచ్చారు. వెంట ప్రేమ్‌చంద్, మాధురి. ఎలీసమ్మ అప్పుడే బోర్డు తుడుస్తోంది. తలుపు మీద ‘ముట్టుకోరాదు’ కాగితం లేదు. అది ఉన్నచోట తలుపు రంగు కన్నా తెల్లగా ఒక చదరం మిగిలింది. ఎవరు తీశారని ఆమె అడగలేదు, ప్రేమ్‌చంద్ చెప్పలేదు.

జయరావు గారు నిలబడే పుస్తకం తిరగేశారు. మొదటి పేజీలో తెలుగు అక్షరాలు వంకరగా ఉన్నాయి, రెండేళ్ళు గడిచేసరికి నిటారుగా నిలబడ్డాయి. ఒకచోట ఆగి చదివారు. ‘మూడు: వెచ్చన. నాలుగు: వెచ్చన. ఐదు: చల్లన, ఖాళీ.’

“ఇంత రాశావు. ఒక్కరోజైనా ఎవరికీ చూపించలేదేం ఎలీసమ్మా?”

“బోర్డు మీద గడి లేదు గదా సార్. గడి లేనిది ఎక్కడ రాయాలి? పుస్తకంలో రాశాను.”

“ఎవరు రాయమన్నారు?”

“రాయమన్నాయన పోయి ఆరేళ్ళయింది సార్. మా మిల్లు మేస్త్రి.”

జయరావు గారు పుస్తకం మూసి ఆమె చేతికిచ్చారు. ఇంకేదో అనబోయారు. “మేనేజ్‌మెంటుతో మాట్లాడతాను, నీకేం కావాలో...”

ఎలీసమ్మ అప్పటికే బోర్డు వైపు తిరిగింది. మూడు అడుగుల స్కేలు తీసుకుని, తుడిచిన నల్లటి చోట కుడి పక్కన ఆనించి, కొలత చూసుకుంది. చోటు సరిపోతుంది.

“రేపట్నించి ఈ బోర్డు మీద ఇంకో రెండు గళ్ళు గీస్తున్నాను సార్,” అంది. “ఒకటి టైముకి. ఒకటి నా చేతికి.”